గోలు ముందు ఛాయాదేవి

ఛాయాదేవికి పదిమంది ఆడపిల్లలు కావాలి. ఆగస్టు ముప్పయ్యొకటి లోపల కావాలి. అందులో ఒకతి గోలు ముందు నిలబడతానని ఒప్పుకోవాలి. తొమ్మిదిమంది దొరికారు. పదో పిల్ల, అదే, ఆ గోలు ముందు నిలబడే పిల్ల దొరక్కపోతే టీమూ లేదు, ఐస్ రింకులో ఆదివారం పొద్దున్నే ఇస్తామన్న గంటా లేదు. ఆ గంట మీద కన్నేసి ఒక మగవాళ్ళ జట్టు కాచుక్కూర్చుంది. వారమంతా ఆఫీసు కుర్చీల్లో కూర్చుని, ఆదివారం గంటసేపు ఆడి, తర్వాత రెండు గంటలు బీరు తాగే పెద్దమనుషులు. తాగనీ, ఎవరొద్దన్నారు? మిగతా ఆరు రోజులూ రింకు మగవాళ్ళదేగా.

మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లోని తెలుగువాళ్ళలో ఛాయాదేవిని ఎరగనివాళ్ళు లేరు. ఎరగడమంటే ఎంతవరకు? "పద్మనాభం గారమ్మాయి, ఆ ఐస్ హాకీ ఆడేది, పెళ్ళి చేసుకోలేదు" అనేంతవరకు. ఈ మూడు ముక్కల్లో ముప్ఫై ఆరేళ్ళ మనిషిని చుట్టచుట్టి పక్కన పెట్టేస్తారు. ఎనిమిదో ఏట నుంచి ముప్ఫయ్యో ఏట దాకా, ఇరవై రెండేళ్ళు ఆ అమ్మాయి ఏం చేసిందయ్యా అని నోరు తెరిచి అడిగినవాళ్ళు మాత్రం తక్కువ. అడిగితే చెప్పేది. ఇప్పుడు ఫిజికల్ థెరపీ క్లినిక్‌లో పనిచేస్తోంది. మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటుంది. కుడి తుంటికి ఆపరేషన్ అయింది.

ఐస్ హాకీ తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. మంచు మీద, కాళ్ళకి ఇనప బ్లేడ్లున్న స్కేట్లు కట్టుకుని, పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ళని కర్రలతో తరుముకుంటూ పోయే ఆట అది. ఆ బిళ్ళ తమ గోలులో పడకుండా ఒళ్ళు అడ్డం పెట్టే మనిషిని గోలీ అంటారు. మిగతా వాళ్ళంతా బిళ్ళ వెంట పడతారు. గోలీ మాత్రం అది తన మీదకి ఎప్పుడొస్తుందా అని చూస్తూ నిలబడుతుంది. బుద్ధున్నవాళ్ళెవరూ కోరుకునే ఉద్యోగం కాదు. ఛాయాదేవి కూడా కోరుకోలేదు. వాళ్ళమ్మ పుణ్యమా అని వచ్చి పడింది.

పద్మనాభం గారిది ఒక కార్ల కంపెనీలో డోర్ లాకుల ఇంజినీరు ఉద్యోగం. ఆయన భార్య రాధారాణి గారిది తెనాలి. ఎనిమిదేళ్ళ కూతురు క్లాస్‌మేట్ బర్త్‌డే పార్టీకని ఐస్ రింకుకి వెళ్ళొచ్చి, ఇక ఆ పూట నుంచి తల్లిదండ్రుల ప్రాణం తీసింది. సాక్సులేసుకుని వంటింట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి జారడం, హాకీలో చేర్పిస్తారా లేదా అని అడగడం, ఇదే పని. రెండు నెలలు ఓపిక పట్టి, చివరికి పద్మనాభం గారే లొంగిపోయి కొత్త స్కేట్లు కొన్నారు. షాపులోనే పదును పెట్టించి తెచ్చారు. మర్నాడే మగపిల్లల టీమ్‌లోకి ఎవరిని తీసుకోవాలో చూసే ట్రైఔట్. ఆడపిల్లలకి వేరే టీమ్ ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు.

రాధారాణి గారికి ఈ వ్యవహారం బొత్తిగా ఇష్టం లేదు. కానీ ఇంటికి కొత్త వస్తువొచ్చింది, అదీ పిల్ల ఎక్కి తిరిగేది. కారు కొన్నప్పుడు పూజ చేయించామా లేదా? చేయించాం. మరి దీనికెందుకు చేయకూడదు? పొద్దున్నే స్కేట్లకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతిచ్చారు. తర్వాత రెండు నిమ్మకాయలు తెచ్చి ఇంటి ముందు డ్రైవ్‌వేలో సిమెంటు మీద పెట్టారు. పిల్లకి స్కేట్లు తొడిగి, తన భుజం పట్టుకోమని, తొక్కమన్నారు. బ్లేడు కింద నిమ్మకాయ ఊరుకుంటుందా? అటు జారింది, ఇటు జారింది. పిల్ల పంతం కొద్దీ తొక్కింది. బ్లేడు సిమెంటుకి గీరుకుంటూ కిర్రు కిర్రుమంది. రెండూ చితికాక, కుడికాలు ముందు పెట్టి కారు దాకా నడిచి రమ్మన్నారు. నడిచింది.

స్కేటు బ్లేడుకి అడుగున రెండు సన్నటి అంచులుంటాయి. మంచు మీద మలుపు తిరగాలన్నా, ఆగాలన్నా వాటిదే భారం. సిమెంటు మీద నాలుగడుగులు వేస్తే చాలు, పదును గోవిందా. ఈ సంగతి ఆ ఇంట్లో ముగ్గురికీ తెలియదు. డోర్ లాకుల ఇంజినీరుకి కూడా తట్టలేదు, అదీ విచిత్రం.

రింకులో ఛాయాదేవి మొదటి మలుపులోనే చెక్క గోడకి కొట్టుకుంది. లేచింది, మళ్ళీ పడింది. ఆగమంటే ఆగలేదు, తిరగమంటే తిరగలేదు. అరగంట అదే తంతు. కోచ్ తల పట్టుకుని, ఈ పిల్లకి నిలబడటం రాదు గానీ పడటం మాత్రం భేషుగ్గా వచ్చు, గోలు ముందు పడేస్తే సరి అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. గోలు ముందు నిలబెట్టారు. బిళ్ళ వచ్చినప్పుడల్లా పిల్ల కాళ్ళు జారి దానికి అడ్డంగా పడింది, బిళ్ళ ఆగింది. అలా గోలీ అయింది. వారం తర్వాత షాపులో స్కేట్లకి పదును పట్టే అతను బ్లేడు మీద వేలితో రాసి చూసి, వీటితో కంకర్రాళ్ళ మీద నడిచారా అని అడిగాడు. రాధారాణి గారు కిటికీలోంచి పార్కింగ్ లాట్ వైపు చూస్తూ నిలబడ్డారు. ఇంటికొచ్చాక ఆ ఊసెత్తితే ఒట్టు.

ఆరేళ్ళు మగపిల్లల టీమ్‌లో ఆడింది. ఆట బాగానే సాగింది. సాగనిది ఇంకొకటుంది, దాన్ని గురించే ఈ కథంతా. మగపిల్లలంతా లాకర్ రూమ్‌లో బట్టలు మార్చుకునేవాళ్ళు. ఛాయాదేవిని అక్కడికి రానివ్వకూడదు కదా, అందుకని నేల తుడిచే మాప్‌లు, బకెట్లు పెట్టే గది చూపించారు. ఒక బల్బు, ఒక తిరగేసిన బకెట్, అంతే. గోలీ సామాను తొడుక్కోవడానికి ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంట అక్కడ ఒక్కతే. గోడ అవతల వాళ్ళు నవ్వుకునేవాళ్ళు, పాటలు పెట్టుకునేవాళ్ళు, ఒకళ్ళమీద ఒకళ్ళు కర్రలకి చుట్టే టేపు ఉండలు విసురుకునేవాళ్ళు. కోచ్ ఆట ఎలా ఆడాలో చెప్పేది కూడా ఆ లాకర్ రూమ్‌లోనే. మంచు మీదకి వచ్చాక ఛాయాదేవి ఎవడో ఒకణ్ణి పట్టుకుని, కోచ్ ఏమన్నాడని అడిగి తెలుసుకునేది. గోల్ పడితే ఒక్కడు దగ్గరికొచ్చేవాడు కాదు. దెబ్బలకి ఏడవని పిల్ల ఆ బకెట్ మీద కూర్చుని చాలాసార్లు ఏడ్చింది.

పద్నాలుగో ఏట గంటన్నర దూరంలో అమ్మాయిల టీమ్ ఒకటి దొరికింది. పద్మనాభం గారు మంచు తుఫానుల్లో కూడా డ్రైవ్ చేసి తీసుకెళ్ళారు. ఆయనకి ఆట నచ్చిందో, కూతురితో కార్లో గంటన్నర కబుర్లు నచ్చాయో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కాలేజీ టీమ్ స్కాలర్‌షిప్ ఇచ్చి తీసుకుంది. ఆ తర్వాత తూర్పు తీరంలో ప్రొఫెషనల్ టీమ్. ప్రొఫెషనల్ అంటే గొప్పగా ఊహించుకోకండి. పగలంతా వేరే ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీసు, శనాదివారాలు బస్సులో పడి ఊళ్ళ మీద మ్యాచ్‌లు. జీతం సంగతి ఎత్తకపోతేనే మర్యాద. ఒలింపిక్స్ అని కూడా అడక్కండి. దేశం టీమ్ క్యాంపుకి రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ ఇంటికి పంపారు. ఛాయాదేవి కన్నా బాగా ఆపేవాళ్ళు ముగ్గురున్నారు, ఆ మాట ఆమే చెబుతుంది.

ముప్ఫయ్యో ఏట ఒక మ్యాచ్‌లో మోకాళ్ళ మీద వాలుతుండగా కుడి తుంటిలో ఏదో పటుక్కుమంది. ఆటలో ఆ భాగం పూర్తిచేసే బయటికొచ్చింది, మొండిఘటం. ఆపరేషన్ చేసిన డాక్టర్, నడవచ్చు, మెల్లగా స్కేటింగ్ కూడా చేయొచ్చు, గోలు ముందుకి మాత్రం ఇక వెళ్ళకు అన్నాడు. సామాను బ్యాగులో సర్ది మిషిగన్ తిరిగొచ్చింది. ఆ తర్వాత ఐదేళ్ళు రింకు గుమ్మం తొక్కలేదు. ఆ రోడ్డున పోవాల్సొస్తే చుట్టూ తిరిగి వెళ్ళేది. లోపల అంత బాధ ఉంది మరి, ఎవరికి చెప్పుకుంటుంది?

మొన్న మార్చిలో క్లినిక్‌కి పదకొండేళ్ళ పిల్ల ఒకతి మణికట్టు నొప్పితో వచ్చింది. హాకీ ఆడుతుందట, మగపిల్లలతో, అదే రింకులో. చెయ్యి మెల్లగా తిప్పుతూ ఛాయాదేవి మాటల్లో పెట్టి, మరి బట్టలెక్కడ మార్చుకుంటావని అడిగింది. మాప్‌లుండే గదిలో, అంది ఆ పిల్ల. అంతే. ఛాయాదేవికి ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయి, మనుషులు జేబులో కంప్యూటర్లు పెట్టుకు తిరుగుతున్నారు, ఆ బకెట్ మాత్రం అక్కడే ఉందన్నమాట. సాయంత్రం డ్యూటీ దిగి తిన్నగా రింకుకి వెళ్ళింది.

రింకు మేనేజర్ వాల్టర్ చిన్నప్పటి నుంచి ఛాయాదేవిని ఎరిగినవాడే. ఆమె చెడామడా తిడుతుంటే తల వంచుకుని పూర్తిగా విన్నాడు. తప్పేనన్నాడు. చివరికి ఆదివారం పొద్దున ఆరుంపావు నుంచి గంటసేపు మంచు ఖాళీగా ఉందనీ, పదేళ్ళ లోపు ఆడపిల్లల టీమ్ తయారుచేస్తే ఆ గంటా, దాంతోపాటు ఒక లాకర్ రూమూ వాళ్ళకే రాసిస్తాననీ మాటిచ్చాడు. షరతు ఒకటే, ఆగస్టు నెలాఖరుకి పదిమంది, అందులో ఒక గోలీ. గోలీ లేని టీమ్‌ని లీగ్‌లో చేర్చుకోరు.

పిల్లల వేట మొదలైంది. ఇండియన్ గ్రోసరీ బోర్డు మీద, టిఫిన్ క్యాటరింగ్ కాగితానికీ రూమ్ ఫర్ రెంట్ కాగితానికీ మధ్య తన కాగితం అంటించింది. ఆదివారం తెలుగు బడి గుమ్మంలో నిలబడి తల్లులతో మాట్లాడింది. ఒకావిడ ఇది కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందా అని అడిగింది. పిల్లకి ఏడేళ్ళు. ఇంకొకావిడ పళ్ళు రాలతాయేమో అంది. అవి పాలపళ్ళు, ఎలాగూ రాలతాయని ఛాయాదేవికి నాలుక చివరి దాకా వచ్చింది, మింగేసింది. అయినా ఇద్దరు తెలుగుపిల్లలు చేరారు. ఇరాక్ నుంచి వచ్చిన కల్డియన్ క్రైస్తవ కుటుంబాల పిల్లలు ముగ్గురు, పోలిష్ కవలలు, పక్క వీధి తమిళమ్మాయి, క్లినిక్‌కి వచ్చిన ఆ మణికట్టు పిల్ల చెల్లెలు. మొత్తం తొమ్మిది. గోలు ముందుకి రమ్మంటే మాత్రం తొమ్మిదిమందీ ససేమిరా అన్నారు.

అప్పుడొచ్చింది కృతి. తొమ్మిదేళ్ళు. ఛాయాదేవి పెట్టిన ఫ్రీ క్లాసుకని వచ్చి, పెద్ద గోలీ ప్యాడ్లు కాళ్ళకి కట్టుకుని, వాటితో నడవలేక దబ్బున పడి, పడినచోటే పకపకా నవ్వింది. బిళ్ళ ముఖం ముసుగుకి తగిలి ఠంగుమంటే ఇంకోటి కొట్టమంది. ఛాయాదేవి ప్రాణం లేచొచ్చింది. గంట అయ్యేసరికి, నేనే గోలీ అని పిల్ల తీర్మానం కూడా చేసేసింది. ఇక వాళ్ళమ్మ సంతకమే తరువాయి.

వాళ్ళమ్మ ఉమామహేశ్వరిది కరీంనగర్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొగుడు ఫణి అన్నింటికీ "ఉమని అడుగుండ్రి" అనే రకం కాబట్టి ఆయన సంగతి వదిలేద్దాం. ఉమ ముందు తెలుగు బడి టైమ్ అంది. బడి పదింటికి, ఆట ఏడుంపావుకి అయిపోతుంది, అంది ఛాయాదేవి. దెబ్బలు తగుల్తాయి అంది. పదేళ్ళ లోపు పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకోకూడదు, రూల్ ఉంది. చలి అంది. మిషిగన్‌లో ఉంటూ చలేమిటి? ఇలా ఒక్కొక్కటే అయిపోయాక ఉమ అసలు సంగతి చెప్పింది.

మొన్న ఫిబ్రవరిలో మ్యాథ్ కాంటెస్ట్‌లో కృతికి ఒక్క లెక్క తప్పిపోయిందట. మెడల్ రాలేదు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. బాత్రూమ్‌లో తలుపేసుకుని కూర్చుంటే ఫణి తలుపు బోల్టు ఊడదీయాల్సొచ్చింది. ఒక్క లెక్కకే అట్లయిన పిల్ల, పది గోల్స్ పడితే ఏమైపోవాలె? గోల్ పడితే అందరూ గోలీనే చూస్తరు గదా? ఛాయాదేవికి అబద్ధం చెప్పడం చేతకాదు. అవును, గోలీనే చూస్తారు, అంది.

"ఇరవై రెండేండ్లు ఆడినవ్ గదా ఛాయా," అంది ఉమ. గొంతులో ఎకసెక్కం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "నడుస్తుంటే కాలు ఈడుస్తున్నవ్. టీవీల రాలేదు, పేపర్ల రాలేదు. ఏమనుకోకు, నీకేం మిగిలింది?"

 ఎంతమంది ఎన్ని మాటలన్నా తిప్పికొట్టిన ఛాయాదేవి, ఆ ఒక్క ప్రశ్న ముందు నిలువునా దొరికిపోయింది. ఎందుకంటే ఐదేళ్ళుగా రింకు చుట్టూ తిరిగి వెళుతూ ఆమె తనని తాను అడుక్కున్నదీ అదే. ఆలోచించి చెప్తానని లేచొచ్చేసింది. గడువింకా మూడు రోజులుంది.

కారు తిన్నగా అమ్మానాన్నల ఇంటికి పోనిచ్చింది. రాధారాణి గారు బీరకాయ చెక్కు తీస్తున్నారు. ఛాయాదేవి వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ జరిగిందంతా చెప్పింది. టీమ్ లేదు, ఏమీ లేదు, వాల్టర్‌కి ఫోన్ చేసి చెప్పేస్తాను అంది. కళ్ళ నీళ్ళు పెట్టుకుంది కూడా. రాధారాణి గారు అన్నీ విని, బీరకాయ పక్కనపెట్టి, చేతులు కడుక్కుని, వాళ్ళిల్లెక్కడ అన్నారు. నువ్వెందుకు అంటే, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఇరవయ్యేళ్ళు నేను అడిగాను, నాకు తెలిసింది నేను చెబుతాను పద అన్నారు. హాకీ మాటొస్తే ముఖం గంటు పెట్టుకునే మనిషి. చెప్పులేసుకుని కార్లో కూర్చున్నారు. ఛాయాదేవికి ఏమీ అర్థం కాకుండానే డ్రైవ్ చేసింది.

ఉమ తలుపు తీసి కంగారు పడింది. రండి ఆంటీ, కూర్చోండి, టీ పెడతా అంటే, టీ తర్వాత, ముందు నువ్వు కూర్చోమ్మా అన్నారు రాధారాణి గారు. ఉమ కూర్చుంది.

"నాకీ ఆట ఇప్పటికీ ఇష్టం లేదమ్మా," అని మొదలుపెట్టారావిడ. "ఇది మెట్లెక్కుతుంటే ఇప్పటికీ వెనకాలే నడుస్తాను. అది వేరు. దీనికి పదేళ్ళప్పుడు ఒకరోజు పదకొండు గోల్స్ పడ్డాయి. ఆ మగపిల్లల తల్లులు నా ఎదురుగానే అన్నారు, ఈ పిల్లని తీసెయ్యండని. కార్లో నేను ఏడుస్తూనే ఉన్నాను. ఇది ఏడవలేదు. ఇంటికి రాగానే కంచం పెట్టమంది. పప్పన్నం తిని, పెరుగన్నం తిని, బుధవారం ప్రాక్టీసుందని బ్యాగు సర్దుకుంది. ఆటలో చేరకముందు ఇదీ నీ కూతురి లాంటిదే. స్కూల్లో ఒక్క స్టార్ తగ్గితే గదిలో దూరి తలుపేసుకునేది. ఓడిపోయిన రోజు అన్నం తినడం దీనికి నేను నేర్పలేదమ్మా. నాకే రాదు, నేనేం నేర్పుతాను? ఆ గోలు దగ్గరే ఎక్కడో నేర్చుకుంది. దీనికి ఏం మిగిలిందని అడిగావుట. నాకు కనబడిందైతే అది."

ఛాయాదేవి తల్లి వైపు తిరిగింది. ఆ పదకొండు గోల్స్ ఆమెకి గుర్తున్నాయి. ఎన్ని పడ్డాయో అమ్మ లెక్కపెట్టిందని మాత్రం ఇన్నేళ్ళూ తెలియదు. ఆట జరుగుతున్నంతసేపూ లాబీలో హీటర్ పక్కన కూర్చుని వారపత్రిక చదువుకునేదనుకుంది.

అయినా సగం నిజం చెప్పి సంతకం పెట్టించుకోవడానికి ఛాయాదేవికి మనసొప్పలేదు. "అమ్మ చెప్పింది థర్డ్ ఇయర్ సంగతి, ఉమా గారు," అంది. "ఫస్ట్ ఇయర్ నేను చాలా ఏడ్చాను. కృతి కూడా ఏడుస్తుంది. ఏడవదని నేను ప్రామిస్ చెయ్యలేను. ఒక్కతే కూర్చుని ఏడవకుండా మాత్రం చూస్తాను. అది ప్రామిస్."

 ఉమ లేచి వెళ్ళి పెన్ను తెచ్చింది. ఒక్క మ్యాచ్, ఒక్కటంటే ఒక్కటే చూస్తా, పిల్ల అన్నం మానేసిందా, మర్నాడే మానిపిస్తా అంది. ఛాయాదేవి సరేనంది. సరే అనక ఏం చేస్తుంది?

సెప్టెంబరంతా ఆదివారాలు పొద్దున్నే ప్రాక్టీసు. ఛాయాదేవి పిల్లలకి షూట్ చెయ్యడం, పాస్ ఇవ్వడం కన్నా ముందు ఒక పద్ధతి నేర్పింది. తమ గోలులో బిళ్ళ పడితే, ఎవరు ఎక్కడున్నా సరే, మంచు మీదున్న మిగతా ఐదుగురూ ముందు గోలీ దగ్గరికి రావాలి. కర్రతో ఆమె కాలి ప్యాడ్ల మీద రెండుసార్లు తట్టాలి. మాట్లాడక్కర్లేదు, ఓదార్చక్కర్లేదు. తట్టి వెళ్ళిపోతే చాలు. హాకీలో పెద్దవాళ్ళందరూ చేసేదే అది. కవల పిల్లల్లో ఒకతి, గోల్ పడటం గోలీ తప్పైతే కూడా తట్టాలా అని అడిగింది. అప్పుడు మూడుసార్లు తట్టు, అంది ఛాయాదేవి.

అక్టోబరు మొదటి ఆదివారం మొదటి మ్యాచ్. అవతలి జట్టు పిల్లలు ఉత్తరాన ఉన్న ఒక ఊరి నుంచి వచ్చారు, మూడేళ్ళ నుంచి కలిసి ఆడుతున్నారు. మొదలైన రెండు నిమిషాల్లోనే మొదటి గోల్ పడింది. కృతి తలతిప్పి వెనక గోలులో ఉన్న బిళ్ళని చూసి, తర్వాత గాజు గోడ వెనకాల ఉన్న అమ్మని చూసింది. ఈలోపు ఐదుగురూ వచ్చేశారు. టక్ టక్, టక్ టక్. వెళ్ళిపోయారు. రెండోది పడింది. మూడోది కృతి కాళ్ళ మధ్య నుంచే పోయింది, కవల పిల్ల గుర్తుపెట్టుకుని మూడుసార్లు తట్టింది.

ఛాయాదేవి బెంచీ దగ్గర నిలబడి చూస్తోంది. ఇరవై రెండేళ్ళలో ఏ మ్యాచ్‌కీ ఇంత భయపడలేదు. అప్పుడు బిళ్ళ వస్తే తను అడ్డం పడేది. ఇప్పుడు చూస్తూ నిలబడటం తప్ప చేసేదేమీ లేదు, ఆ తొమ్మిదేళ్ళ పిల్ల అక్కడ ఒక్కతే ఉంది. గాజు వెనకాల ఉమ రెండు చేతులతో టిఫిన్ డబ్బాని గుండెకి అదుముకుని నిలబడింది. ఆరోది పడ్డాక ముసుగు లోపల కృతి ఏడుస్తోందని ఇద్దరికీ తెలిసిపోయింది, భుజాలు కదులుతున్నాయి. కృతి గ్లవ్ తీసి కళ్ళు తుడుచుకోబోయింది, ముసుగు అడ్డం వచ్చింది. అలాగే వంగి నిలబడింది. ఏడోది. ఎనిమిదోది. గంట మోగింది. ఎనిమిది సున్నా.

పిల్లలంతా లాకర్ రూమ్‌లోకి వెళ్ళారు. ఛాయాదేవి లోపలికి వెళ్ళలేదు, తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. పక్కకి ఉమ వచ్చింది.  లోపల మొదట చప్పుడు లేదు. తర్వాత ఎవరో ఏదో అన్నారు, ఎవరో కిసుక్కుమన్నారు, ఎవరో టేపు ఉండ ఎవరి మీదో విసిరారు కాబోలు, ఒక్కసారిగా కేకలు, నవ్వులు. పదిమంది పిల్లలు ఒక గదిలో ఉంటే ఎంత గోల చేస్తారో అంత గోల. అందులో కృతి గొంతు ఉందా లేదా అని ఉమ తలుపుకి చెవి ఆనించి వింటోంది. తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. కాళ్ళకి ప్యాడ్లు ఇంకా కట్టుకునే ఉంది కృతి. ముఖమంతా ఎర్రగా ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి, జుట్టు చెమటతో నుదుటికి అతుక్కుపోయింది. ఉమకి పిల్లని దగ్గరికి తీసుకోవాలో వద్దో తెలియక చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"అమ్మా, ఐ యామ్ సో హంగ్రీ," అంది కృతి. "ఇడ్లీ తెచ్చినవా?"

ఉమ డబ్బా మూత మీద చెయ్యి వేసింది. పిల్లే డబ్బా లాక్కుని మూత తీసి, అక్కడే నేలమీద కాళ్ళు బార్లా చాపి కూర్చుంది. చట్నీ దేంట్లో ఉందో కూడా అడగలేదు. రెండిడ్లీలు అయ్యేదాకా తల ఎత్తలేదు. మూడోది నోట్లో ఉండగానే ఛాయాదేవి వంక చూసి, లాస్ట్‌లో ఆ పొడుగమ్మాయి కొట్టిన బిళ్ళని తను ఆపేసిందనీ, చూశావా లేదా అనీ అడిగింది. చూశానంది ఛాయాదేవి. కాలితోనా చేత్తోనా చెప్పు, అంది పిల్ల, నిజంగా చూసిందో లేదో తేల్చుకోవాలని. మోకాలితో, అంది ఛాయాదేవి. కృతి తృప్తిగా తలూపి నాలుగో ఇడ్లీ అందుకుంది.

ఉమామహేశ్వరి చున్నీతో ముఖం గట్టిగా తుడుచుకుంది. 

"వచ్చే ఆదివారం ఎన్నిగంటలకు తీస్కరావాలె?" అంది.

ఐదున్నరకల్లా ఉండాలని చెప్పింది ఛాయాదేవి. లోపలి నుంచి మిగతా తొమ్మిదిమంది, "కృతీ, ఇడ్లీలు మాక్కూడా" అని అరుస్తున్నారు. కృతి డబ్బా ఎత్తి పట్టుకుని, ప్యాడ్లతో తపతపా అడుగులేసుకుంటూ లాకర్ రూమ్‌లోకి వెళ్ళిపోయింది.